ఎదురుగాలి లేని ఫ్రాన్సు

ఫ్రాన్సు దేశంలో ఉత్తరాన ఉన్న మైదానాల్లో నేను సైకిలు తొక్కని దారి లేదు. కాలువ గట్ల మీద తొక్కాను. గోధుమ చేల మధ్య తొక్కాను. పొద్దుతిరుగుడు చేలు రెండు పక్కలా నిలబడి చూస్తుంటే మధ్యలోంచి బాణంలా దూసుకుపోయాను. అక్కడ చర్చి గోపురం ముందు కనబడుతుంది, ఊరు చాలాసేపటికి గానీ రాదు. దూరం నుంచి గోపురాన్ని చూసి అది ఏ ఊరో చెప్పగలిగేంతవాణ్ణయ్యాను.

ఇక్కడిదాకా చదివినవారు దయచేసి కొంచెం తగ్గించుకోండి. అన్ని దారులూ కాదు, పదకొండు. గోపురాలు నాకు అన్నీ ఒకలాగే ఉంటాయి. బాణం సంగతి వదిలేయండి, నా వేగానికి పొదిలోని బాణం నయం.

ఇంకా తగ్గించుకోవాలి. నేను ఫ్రాన్సు వెళ్ళలేదు. విమానం మారడానికి పారిస్‌లో ఒకసారి నాలుగు గంటలు కుర్చీలో కూర్చున్నాను, అంతే. ఆ పదకొండు దారులూ నేను మిషిగన్ రాష్ట్రంలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో, మా అమ్మాయి ఇంటి బేస్‌మెంట్‌లో, బట్టలుతికే మెషిన్‌కీ పాత సోఫాకీ మధ్య తొక్కాను. లుంగీ మీద, మంకీ టోపీతో.

అక్కడ ట్రెయినర్ అని ఒక ఇనుప పీఠం ఉంది. సైకిలు వెనక చక్రం తీసేసి దాన్ని ఈ పీఠానికి బిగిస్తారు. ఎదురుగా టీవీలో, ఎవరో నిజంగా సైకిలు మీద వెళ్తూ కెమెరాతో తీసిన రోడ్డు కదులుతుంది. మనం తొక్కితే రోడ్డు మన మీదికి వస్తుంది, ఆపితే ఆగుతుంది. తెరమీద ఎత్తు వస్తే ఇక్కడ పెడల్ బరువెక్కుతుంది. మా అల్లుడు ఒక చలికాలం ఒళ్ళు తగ్గాలని కొని, ఒళ్ళు తగ్గకముందే ఉత్సాహం తగ్గి వదిలేశాడు. నేను పట్టుకున్నాను. మొదటిరోజు గొప్పకి పోయి కొండల దారి పెట్టుకుని మూడు నిమిషాల్లో సోఫాలో పడ్డాను. అప్పుడు వెతికి పట్టుకున్నవి ఈ ఫ్రెంచి పల్లెటూళ్ళ దారులు. అరచెయ్యిలా చదునుగా ఉంటాయి. ముఖానికి గాలి తగలాలని పక్కన ఒక పెద్ద ఫ్యాను కూడా పెట్టాడు అల్లుడు. జలుబు చేస్తుందని నేను దాన్ని కట్టేసేవాణ్ణి.

అంతవరకూ ఎవరికీ ఏ నష్టమూ లేదు. నష్టం పార్కు బెంచీ దగ్గర మొదలైంది.

మా ఇళ్ళ వెనక ఒక చిన్న పార్కు ఉంది. సాయంత్రాలు మాలాంటి వాళ్ళం అక్కడ చేరతాం. బీపీ మాత్రలు, వీసా పొడిగింపులు, కొడుకుల కొత్త కార్లు, ఇవీ కబుర్లు. ఒకాయన నయాగరా నాలుగుసార్లు చూశాడు. ఇంకొకాయన మనవడు స్పెల్లింగుల పోటీలో ఎక్కడిదాకానో వెళ్ళాడు. నా దగ్గర చెప్పుకోవడానికి ఏమీ లేదు. విద్యుత్ శాఖలో సూపరింటెండెంటుగా రిటైరయ్యానని ఎన్నిసార్లు చెప్పను? ఒకరోజు నోరూరుకోలేదు.

"ఫ్రాన్సులో సైకిలు తొక్కితే ఆ హాయే వేరండీ," అన్నాను, ఎటో చూస్తూ.

మిగతావాళ్ళు నవ్వి ఊరుకున్నారు. ఒక్కాయన మాత్రం ముందుకు వంగాడు. "ఎప్పుడు పోయిన్రు అన్నా?"

"పోయిన వసంతంలో. అల్లుడితో. వారం రోజులు."

అడిగినాయన జగిత్యాల దగ్గర బడిలో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. భార్య పోయాక కొడుకు గ్రీన్‌కార్డు ఇప్పించి ఇక్కడికి తెచ్చుకున్నాడు. నాకన్నా మూడేళ్ళు చిన్న. మా బెంచీ మీద అందరిలోనూ ఆయనొక్కడే ఎవరినీ అడగకుండా బయటికి వెళ్ళగలిగినవాడు.

ఆ మాట విలువ ఇక్కడ ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. ఈ దేశంలో కారు నడపని ముసలివాడు ప్రతిదానికీ అడగాలి. గుడికి అడగాలి, క్షవరానికి అడగాలి, చింతపండు అయిపోతే శనివారం దాకా ఆగాలి. ఆయనకి మాత్రం ఒక నీలం సైకిలు ఉండేది, ముందు బుట్టతో. కొడుకు ఎవరి ఇంటిముందో పాత సామాను అమ్ముతుంటే తెచ్చాడు. పొద్దున్నే దాని మీద రెండు మైళ్ళ దూరంలోని ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి, తనకీ మాకూ ఇంకో రెండిళ్ళకీ కరివేపాకూ పచ్చిమిరపకాయలూ తెచ్చేవాడు. హారన్‌కి బదులు, "ఓ అన్నా! కల్యామాకు!" అని మా గుమ్మం ముందు కేక. మా అమ్మాయి ఆఫీస్ మీటింగ్‌లో ఉండి కూడా ఆ కేకకి నవ్వేది. ఒకసారి ఆయన నాతో అన్నాడు: "ఆమె పోయినంక ఇంట్ల ఊపిరాడకపోయేది. గీ సైకిల్ ఎక్కినంక మనిషినైన."

అలాంటి మనిషికి నేను రోజూ ఫ్రాన్సు వడ్డించాను. ఆయన వినే తీరు అలాంటిది. కళ్ళు మూసుకుని వినేవాడు. కాలువ నీళ్ళు ఏ రంగని అడిగేవాడు. చెట్ల మధ్య ఎండ ఎట్లా పడుతుందని అడిగేవాడు. నేను పొద్దున టీవీలో చూసింది సాయంత్రం చెప్పేవాణ్ణి, మీద కొంచెం నెయ్యి వేసి. ఒక ఊళ్ళో రొట్టెలమ్మే ఆవిడ నన్ను చూసి డబ్బు తీసుకోలేదన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

ఏప్రిల్‌లో ఒకరోజు ఆయన మొహం వెలిగిపోతూ వచ్చాడు.

"అన్నా, మా కొడుకు ఆఫీస్ పని మీద ఫ్రాన్స్ పోతుండు, రెండు వారాలు. కార్ల ఫ్యాక్టరీ ఉన్నదట. నన్ను గూడ రమ్మంటుండు. హోటల్ల కూసోని నేనేం చెయ్యాలె? మీరు తొక్కిన తొవ్వ చెప్పుండ్రి. ఒక్కపారి నేను గూడ తొక్కుత."

మాట తప్పించబోయాను. "మీ మోకాలు సంగతేంటి మాస్టారూ?"

"మోకాలు మంచిగనే ఉన్నది. మీరు ఏ హోటల్ల చాయ తాగిన్రో గండ్లనే తాగుత."

ఫోన్‌లో మ్యాపు తీసి చూస్తే, వాళ్ళ ఫ్యాక్టరీ ఊరు నా పదకొండు దారుల్లో ఒకదానికి దగ్గరే. అక్కడే చెప్పెయ్యవలసింది. చెప్పలేదు సరికదా, అది అదృష్టమనుకున్నాను. దారి చెప్పాను: తూర్పున కాలువ ఒడ్డు ఊరు నుంచి పడమటికి నలభై కిలోమీటర్లు. మొత్తం చదును. నాలుగు ఊళ్ళు తగులుతాయి. ప్రతి ఊళ్ళోనూ కాఫీ హోటలు. మంచినీళ్ళు కావాలంటే శ్మశానం గేటు లోపల కుళాయి ఉంటుంది, తిప్పి పట్టుకోవడమే. ఈ చివరిది ఆ వీడియో కింద ఎవరో పుణ్యాత్ముడు రాశాడు.

"ఎంతసేపు పడ్తది అన్నా?"

"నాకు రెండున్నర గంటలు పట్టింది. మీకు మూడు వేసుకోండి. చంటిపిల్లాడైనా తొక్కచ్చు."

మర్నాడు ఆయన ఒక మ్యాపు వేసి తెచ్చాడు. నా మాటల్ని రంగు పెన్సిళ్ళతో. కాలువకి నీలం, చేలకి పసుపు, ఊరూరికీ చిన్న గోపురం, శ్మశానం దగ్గర బుల్లి కుళాయి. రొట్టెలమ్మే ఆవిణ్ణి కూడా వేశాడు, కొప్పు పెట్టి. నా అబద్ధాలు అంత ముచ్చటగా ఉంటాయని నాకు అప్పటిదాకా తెలియదు.

మా అమ్మాయి ఆ మ్యాపు చూసింది.

"నాన్నా, ఆ అంకుల్‌కి నిజం చెప్పు."

"చెప్తాలే."

"ఎప్పుడు? ఆయన అక్కడ ల్యాండ్ అయ్యాకా?"

"రోడ్డు అబద్ధం కాదు కదమ్మా. ఉన్న రోడ్డే కదా తీశారు. నేను వెళ్ళానన్నదొక్కటే అబద్ధం. రోడ్డుకి దాంతో ఏం పని?"

ఈ వాదన నాకు ఎంత నచ్చిందంటే, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మే నెలలో వాళ్ళు వెళ్ళారు. రెండు వారాలైంది, మూడో వారం వచ్చింది. గుమ్మం ముందు కేక వినబడలేదు. జెట్‌లాగ్ అనుకున్నాను. ఒక సాయంత్రం ఆయన పార్కుకి నడిచి వచ్చాడు. బెంచీ చివర కూర్చున్నాడు.

"ఎట్లా ఉంది మాస్టారూ మన ఫ్రాన్సు?"

"మీరు చెప్పినట్టే ఉన్నది అన్నా. కాలువ ఉన్నది. చెట్లున్నయి. నల్లా గూడ ఉన్నది, శ్మశానం గేటు లోపట, ఎడమ దిక్కు. నేనే పనికి రాలే."

జరిగింది ఇది. శనివారం పొద్దున కొడుకు ఆయన్ని కాలువ ఒడ్డున దింపి, అద్దె సైకిలు ఇప్పించి, పడమటి చివర కారుతో ఎదురుచూస్తానని వెళ్ళాడు. మొదటి ఊరు దాకా చెట్ల చాటున బాగానే ఉంది. ఊరు దాటి చేలల్లోకి రాగానే గాలి అందుకుంది. ఎదురుగా, పడమటి నుంచి. ఒక కొండ లేదు, తోపు లేదు, గోడ లేదు ఆపడానికి. "మొకం మీద చెయ్యి పెట్టి నూకినట్టే అన్నా. కొండైతే ఎక్కినంక దిగుతం. గిది దిగుడే లేని కొండ." రెండో ఊరికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది, హోటళ్ళు మూసేశారు. శ్మశానంలో నీళ్ళు తాగి మళ్ళీ ఎక్కాడు. మూడో ఊరు గోపురం కనబడుతూనే ఉంది, దగ్గరికి రాలేదు. చివరికి దిగి నడిచాడు. నడవలేక గోధుమ చేను పక్కన పల్లంలో కూర్చుని కొడుక్కి ఫోన్ చేశాడు. కొడుకు వచ్చి చూస్తే ఆయన పెదాలు తెల్లబడి ఉన్నాయి, సైకిలు పక్కన పడి ఉంది.

"వాడు కారు దిగి ఉరికొచ్చిండు. ఏడ్సిండు అన్నా, నా కొడుకు. 'ఇగ చాలు నాయినా, సైకిల్ బంద్' అన్నడు. వాడు అనకపోయినా నాకే సమజైంది. మీరు నాకన్న మూడేండ్లు పెద్ద. రెండున్నర గంటలల్ల తొక్కిన్రు. నేను సగం గూడ పోలేకపోయిన. అంటే నా పని అయిపోయినట్టే గదా."

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఏ మనిషికీ రాదు. నోరు తెరిచాను కూడా. నా నోట్లోంచి వచ్చింది ఇది:

"మొదటిసారి అందరికీ అలాగే ఉంటుందండీ. నాకైతే ఎదురుగాలి అలవాటు కాబట్టి..."

ఈ వాక్యాన్ని నేను తర్వాత చాలాసార్లు తలుచుకున్నాను. ఆయన తల ఊపి, నెమ్మదిగా లేచి ఇంటికెళ్ళాడు.

మర్నాడు బేస్‌మెంట్‌లో ఆ దారే మళ్ళీ పెట్టాను. తొక్కలేదు, కూర్చుని చూశాను. మొదటి ఊరు దాటాక, రోడ్డుకి రెండు పక్కలా గోధుమ కంకులన్నీ కెమెరా వైపే వంగి ఉన్నాయి. ప్రతి కంకీ. రోడ్డు పక్క గడ్డి కూడా. ఆ వీడియో తీసినవాడు గాలికి ఎదురెళ్ళే తీశాడు పాపం, ఆయాసపడుతూనే తీసి ఉంటాడు. శబ్దం తీసేసి, పాటలు పెట్టుకుని తొక్కేవాణ్ణి నేను. అన్ని వారాలు చూసి, ఆ వంగిన చేను ఎంత అందంగా ఉందో ఆయనకి వర్ణించి చెప్పాను కూడా.

జూన్ వచ్చింది. ఒక శనివారం మా అమ్మాయితో ఇండియన్ స్టోర్‌కి వెళ్తే, పార్కింగ్‌లో వాళ్ళ కారు కనబడింది. వెనక సీట్లో మాస్టారు కూర్చుని ఉన్నాడు. కొడుకు లోపల సామాను కొంటున్నాడు. నన్ను చూసి మాస్టారు అద్దం దించాడు.

"లోపలికి రారా మాస్టారూ?"

"ఏమున్నదన్నా లోపట. కావాల్సింది చీటీ రాసిచ్చిన."

ఆ మనిషి చీటీ రాసిచ్చి కార్లో కూర్చున్నాడు. మా అమ్మాయి తిరిగొచ్చాక ఇంటి ముందు కారు ఆపి, "ఇప్పుడు వెళ్తావా, నన్ను చెప్పమంటావా?" అంది.

వెళ్ళాను. ఆయన వంటింట్లో కొత్తిమీర తుంచుతున్నాడు. నిలబడే చెప్పాను.

"మాస్టారూ, నేను ఫ్రాన్సు వెళ్ళలేదు."

"ఏంది అన్నా?"

"వెళ్ళలేదు. మా అమ్మాయి బేస్‌మెంట్‌లో టీవీ ముందు తొక్కాను. అక్కడ గాలి ఉండదు. మీరు నిజం రోడ్డు మీద సగం వెళ్ళారు, నేను అసలు అడుగే పెట్టలేదు. మీకు చెప్పిందంతా కోతలే."

ఆయన నవ్వాడు. కొత్తిమీర అంటిన చేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు.

"మీ మనసు బంగారం అన్నా. నన్ను ఊకోబెట్టనీకి మీ మీద మీరే గింత మాట అనుకుంటరా?"

"కాదండీ, ఒట్టు."

"మరి నల్లా సంగతి మీకెట్ల ఎరుక? నా చేతులతోటి తిప్పిన దాన్ని."

"వీడియో కింద ఎవరో రాశారు."

"ఆఁ, రాసిన్రు, రాసిన్రు." చంటిపిల్లాడితో మాట్లాడినట్టు అన్నాడు.

అబద్ధం చెప్పినన్నాళ్ళూ ఒక్కడూ అనుమానించలేదు. నిజం చెప్పిన రోజు పట్టుబడ్డాను.

మర్నాడు బతిమాలి ఆయన్ని మా బేస్‌మెంట్‌కి తీసుకొచ్చాను. ట్రెయినర్ చూపించాను, దారి పెట్టి చూపించాను. ఆయన సీటు మీద చెయ్యి వేసి నిమిరాడు. "ఓహో, గిట్ల ప్రాక్టీస్ చేసి పోయిన్రన్నట్టు. గందుకే అంత బలం. నేను ఊకెనే లేచి పోయిన."

"లేదు అంకుల్," అంది మా అమ్మాయి. "నాన్న నిజంగా వెళ్ళలేదు. ఐ ప్రామిస్."

"నువ్వు గూడ మీ నాయినతోటి కలిసినవా బిడ్డా?"

పాస్‌పోర్టు తెచ్చి చూపించాను. ఖర్మ కొద్దీ ఈసారి ఇక్కడికి బయల్దేరేముందే దాన్ని కొత్తగా చేయించుకున్నాను. "పాతదాంట్ల ఉంటయి ముద్రలు," అన్నాడాయన, పేజీలు తిప్పి జాగ్రత్తగా ఇచ్చేస్తూ. పాతది హైదరాబాదులో బీరువాలో ఉంది. మెట్లెక్కుతూ ఆగి, "రేపొకసారి మా ఇంటికి రాండ్రి," అన్నాడు.

ఇక్కడిదాకా చెప్పింది పెద్ద తప్పు కాదనిపిస్తుంది నాకు. నోటి దురద; తర్వాత ఒప్పుకున్నాను; ఆయన నమ్మలేదు, నేనేం చెయ్యను? పార్కులో ఎవరైనా అడిగితే ఇక్కడితో ఆపుతాను. రాస్తున్నాను కాబట్టి మిగతాది కూడా రాయాలి.

మర్నాడు వెళ్ళేసరికి వాళ్ళ గరాజు తలుపు తెరిచి ఉంది. నీలం సైకిలు కడిగి, గొలుసుకి నూనె వేసి, గాలి కొట్టి బయట పెట్టాడు. బుట్టకి కొత్త తాడు కట్టాడు.

"నాకెందుకు అన్నా ఇంక. ఊకె నిలబడ్డది. మీరైతే తొక్కుతరు. తీస్కపోండ్రి."

వద్దన్నాను. వినలేదు. హ్యాండిల్ నా చేతుల్లో పెట్టాడు.

"ఎక్కుండ్రి. ఒక్క రౌండ్ కొట్టుండ్రి, గా మూల దాకా. చూస్త."

విద్యుత్ శాఖలో ఉన్నప్పుడు జిల్లా అంతా సైకిలు మీద తిరిగానని ఇంతకుముందు ఎవరికైనా చెప్పి ఉంటే, అదీ తప్పే. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏట స్కూటరు కొన్నాను. రోడ్డు మీద సైకిలెక్కి నలభై ఏళ్ళు దాటింది. ట్రెయినర్ పడిపోదు. దాన్ని ఇనుప పీఠం పట్టుకుంటుంది. ఈ సైకిలెక్కితే మూడు గజాల్లో పడతానని నాకు చెయ్యి వెయ్యగానే తెలిసింది.

ఇంకొకటి కూడా తెలిసింది. నేను పడితే ఆయన నమ్ముతాడు. ప్రమాణాలూ పాస్‌పోర్టులూ అక్కర్లేదు. ముసలివాడు సైకిలు మీద ఎలా వణుకుతాడో చూస్తే చాలు, ఈ మనిషి నలభై కిలోమీటర్లు తొక్కలేదని, తనే తొక్కగలిగినవాడినని ఆయనకి ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. పగలబడి నవ్వి, ఆ హ్యాండిల్ నా చేతుల్లోంచి లాక్కుని ఉండేవాడు. ఎదురింటి తెల్లావిడ మొక్కలకి నీళ్ళు పోస్తోంది. ఆయన కొడుకు కిటికీలోంచి చూస్తున్నాడు. నేను సీటు మీద చెయ్యి పెట్టుకుని ఇదంతా ఆలోచించాను. తెలియక చెయ్యలేదు.

"సీటు ఎత్తుగా ఉంది మాస్టారూ," అన్నాను. "ఇంటికెళ్ళి సరిచేసుకుని తొక్కుతాను."

"గట్లనే," అన్నాడు.

సైకిలు నడిపించుకుంటూ బయల్దేరాను. ఆయన గరాజు ముందు నిలబడి చూస్తున్నాడని వీపుకి తెలుస్తోంది. మూల తిరిగాను. వాళ్ళ ఇల్లు కనబడదు. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని తేల్చుకుని, ఎక్కాను. రెండు పెడళ్ళు తొక్కాను. హ్యాండిల్ తనంతట తను తిరిగింది, ఎవరిదో పచ్చికలో వెల్లకిలా పడ్డాను. బుట్ట సొట్టపోయింది. మోచెయ్యి గీరుకుంది. ఆకాశం చూస్తూ కాసేపు అలాగే పడుకున్నాను. లేచి, రక్తం కారుతున్న ఆ మోచెయ్యితోనే వెనక్కి పది గజాలు నడిచి మూల తిరిగితే సరిపోయేది. ఆయన ఇంకా అక్కడే ఉండి ఉంటాడు.

నేను ముందుకే నడిచాను. ఏమైందని మా అమ్మాయి అడిగితే కుక్క అడ్డొచ్చిందన్నాను. కుక్క లేదు.

ఆ వారం పార్కులో మాస్టారు బెంచీ మీద నా పక్కన చోటు చేసుకుని కూర్చున్నాడు. "మన సైకిల్ మంచిగ నడుస్తున్నదా అన్నా?"

"బ్రహ్మాండంగా," అన్నాను.

ఆయన మొహంలో ఎంత సంతోషం కనబడిందంటే, నేను తల తిప్పుకోవలసి వచ్చింది.